కొలతల పుస్తకం

బట్టల బజార్ల మా దుకాణం,
మెట్లు దిగంగనే ఎడమపక్క.
నీలి అట్ట పుస్తకమొకటున్నది.
సగం ఎలుకలు కొట్టినయి,
'ఆ' అక్షరం పేజీలు మాత్రం మిగిలినయి.
చిలువేరు ఆండాలు.

మొదటి కొలత మొగ వేషానిది.
మిల్లోళ్ల నాటకంల జాబర్ కట్టెటోనికి
రాత్రి షిఫ్టు పడ్డదట.
పదిహేడేండ్ల పిల్ల వచ్చి గడపల నిలవడ్డది:
"కోటు కుట్టు మామా, మీసం నేనే తెచ్చుకుంట."
భుజం పదమూడున్నర.
పాత పరుపు దూది కూరి
ఆ భుజాన్ని జాబర్ భుజం చేసిన.
"లోపల మడత ఎక్కువుంచు," అన్నది,
"ఈ కోటు ఒక్క రాత్రితోటి పోదు."
ఆ రాత్రి కొత్తవాడ జనం
జాబర్‌ను నిజంగ తిట్టుకుంట ఇండ్లకు పోయిండ్రు.
వాళ్ల నాయిన తెల్లారి
సాంచెకాడ ఎవ్వరి దిక్కు సూడలె.

తర్వాతి పేజీలన్ని కలగలుపు.
రాణి, జాకెట్టుకు జరీ మూడు గజాలు.
పోలీసు, నిక్కరు కాదు ప్యాంటే కావాలన్నది.
పిల్లల నాటకంల నక్క, తోక మూడు ఫీట్లు,
పైసలియ్యలేదు, బదులుగ నక్క లెక్క కూసి పోయింది.

ఆ పైన ఒక పేజీ నా రాత కాదు.
రవికెలు నేనే కుట్టాలని ఆమె పట్టువడితే
పట్నం నుంచి కంపెనీ మనిషి ఫోన్ల కొలతలు చెప్పిండు,
మా తమ్ముడు రాసిండు.
పేరు హేమశ్రీ. నడుము ఇరవై ఆరు.
రెండూ అబద్ధమే.
నేను ఇరవై ఎనిమిదిన్నరకే కుట్టి పంపిన.
వారం దినాలకు కార్డొచ్చింది,
ఒకటే ముక్క:
"ఊపిరాడుతున్నది."

ముప్పై నాలుగేండ్లకే తల్లి వేషాలు.
కొడుకైన హీరో ఆమెకన్న రెండేండ్లు పెద్దోడు.
కొలతలు పంపుదునా అంటె నవ్విండ్రట,
తల్లికెందుకు కొలతలు, తెల్లచీర చుట్టుకుంటది.
ఏడేండ్లు నా పుస్తకంల ఆమె లేదు.
టాకీసుల పోయి సూసెటోణ్ని.
ఇంటర్వెల్ లోపలనే సచ్చిపోయేది.
పక్కోళ్లు కండ్లు తుడుసుకుంటుంటె
నేను రవికె చేతులే సూస్త.
ఎవడు కుట్టిండో గని
సంకకాడ ముడత.

మళ్ల వచ్చింది, ఆటో నిండ గుడ్డతోటి.
"సినిమ తీస్తున్న మామా. పైసలు నాయే."
గాజుల్లేని చేతులు సూసి నేనేమడగలె.
బీడీలు చుట్టే ఆడోళ్లు, పని వోయిన మిల్లోళ్లు,
నలభై ముగ్గురి కొలతలు
మూతవడ్డ మిల్లు గోడల నడుమ తీసిన.
ఆమె కెమెరా ముందట నిలవడనే లేదు.
డీజిల్ బేరం, పప్పుల ఉప్పు, జనరేటరోని అలుక,
వాన వడితె ఎండ కోసం మొత్తుకునుడు.
ఒక్క దినం జాబర్ వేషగాడు రాలె.
దుకాణం కొయ్యకున్న పాత కోటు దించిన,
మడతలు విప్పిన,
దూది తీసేసిన.
ఇప్పుడు ఆ భుజానికి దూది అక్కెర లేదు.

ఆరు రోజులాడింది సినిమ.
మూడో రోజు నాతోటి పదకొండు మందిమి.
నాకు బాకీ పద్దెనిమిది వందల నలభై.
యాభై, ఇరవై, ఒకసారి వంకాయలు,
అన్ని రాసున్నయి.
చివరి మూడు వందలు కొట్టేద్దామంటె
పెన్ను గుంజుకున్నది:
"ఉండనీ. మళ్ల రావాలె గద."

మొన్న వచ్చింది.
ఏదో రాజు వేషమట, తన సొంత కంపెనీ నాటకమే,
టికెట్లు సుత తనే చింపుతదట.
టేపు మీది అంకెలు నాకు కనిపిస్తలేవు.
తనే పట్టుకొని చెప్తది, నేను రాస్త.
భుజం పదిహేను. చెయ్యి ఇరవై రెండు.
"నడుము ఇరవై ఆరు రాస్కో మామా," అని
నవ్వలేక నవ్వలేక కుర్చీల కూలవడ్డది.

నేను పెన్ను పక్కనవెట్టి
కత్తెర తీసిన.